మకువేని ఇసుక కట్ట డైరీ: రాళ్ల లెక్క, నీళ్ల లెక్క

జూన్, మొదటి వారం

నైరోబీ నుంచి మొంబాసా రోడ్డు పట్టుకుని వస్తే, ఎమాలి దాటాక మట్టి రోడ్డు మొదలవుతుంది. ఇది కెన్యాలో మకువేని కౌంటీ (మన జిల్లా లాంటిది), కంబా జనం ఉండే ప్రాంతం. ఇక్కడి ఒక మహిళా సంఘం నీళ్ల పనికి నైరోబీలోని తెలుగు మిత్రులు డబ్బు పెడుతున్నారు, ఇంజనీరుగా ఆ పని మీద వచ్చాను. ఏడాదికి రెండు వానకారులు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. పేరుకే చిన్నవి, ఇక్కడి రైతులు ఎక్కువగా నమ్ముకునేది వాటినే. జూన్ వచ్చేసరికి వాగులన్నీ ఎండిపోయి ఇసుక మాత్రం మిగులుతుంది. మళ్లీ వాగు పారేది ఏ నవంబరులోనో.

మహిళా సంఘం వాళ్లు మమ్మల్ని ముందు చెలమ దగ్గరికే తీసుకెళ్లారు. వాగు ఇసుకలో తవ్విన ఛాతీ లోతు గొయ్యి. అడుగున ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని ప్లాస్టిక్ మగ్గుతో తోడుతోంది. మూడు మగ్గులు తోడేసరికి అడుగు బయటపడుతుంది. మళ్లీ ఊట చేరేదాకా చేతులు ఆపుకుని కూర్చోవాలి. ఈలోగా అంచు నుంచి ఇసుక జారుతుంది, దాన్ని అరచేత్తో పక్కకి నెట్టుకోవాలి. పైన గట్టు మీద పసుపుపచ్చ ఇరవై లీటర్ల డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఎవరి డబ్బాకి వాళ్ల గుర్తు: ఒకదాని పిడికి ఎర్ర గుడ్డ పీలిక, ఇంకోదాని మీద వాతపెట్టిన అక్షరం. గొయ్యి చుట్టూ మేకల పెంటికలు.

మాది అనంతపురం వైపు. పెన్నలో, చిత్రావతిలో చెలమలు తీసుకుని నీళ్లు తోడుకున్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి చెలమ నాకు వింత కాదు. నేను ఆగి చూసింది ఆ వరుసను. తెల్లారకముందే వచ్చి డబ్బా పెట్టినావిడకి కూడా తొమ్మిది దాటాక గానీ వంతు రాలేదు. క్యూతో కలిపి పోయిరావడానికి అరగంటలోపు పట్టి, నీళ్లు వచ్చే చోటు సురక్షితమైనదైతేనే దాన్ని కనీస నీటి వసతి అంటుంది ఐక్యరాజ్యసమితి. ఇక్కడ ఆ అరగంట గొయ్యిలోకి దిగకముందే అయిపోతుంది.

బోరు వేయొచ్చు కదా అని మా నైరోబీ తెలుగు మిత్రులు ముందే అడిగారు. పక్క ఊళ్లో ఒక బోరు ఉంది, వెళ్లి చూశాం. ఉప్పు నీళ్లు. పశువులు తాగుతాయి, మనుషులు మొహం చిట్లిస్తారు. పైగా దానికి డీజిల్ ఇంజను, డీజిల్‌కి డబ్బులు లేక అది ఎక్కువ రోజులు ఆగే ఉంటుందట. సంఘం వాళ్లు మొదటి నుంచీ ఒకటే మాట మీద ఉన్నారు: మాకు ఇసుక కట్ట కావాలి.

ఇసుక కట్ట అంటే ఇసుకతో కట్టేది కాదు. వాగులో బండ తగిలేదాకా తవ్వి, ఆ బండ మీద నుంచి అడ్డంగా రాతి గోడ లేపుతారు. వరద వచ్చినప్పుడు ముతక ఇసుక అడుగున దొర్లుతూ వచ్చి గోడ వెనక మేట వేస్తుంది. తేలికైన ఒండ్రు నీళ్లతో పాటు గోడ దాటిపోతుంది. ఒకటి నుంచి మూడు వానకారుల్లో గోడ పైదాకా ఇసుక నిండుతుంది. ఆ ఇసుక రేణువుల సందుల్లో నీళ్లుంటాయి, మొత్తం పరిమాణంలో పావు వంతు నుంచి నలభై శాతం దాకా. పైకి కనిపించేది పొడి ఇసుకే. రెండడుగుల లోతు దాటితే ఎండకి ఆవిరయ్యేది చాలా తక్కువ. నిలవ నీళ్లు ఉండవు కాబట్టి దోమలూ చేరవు. ఏడాది మొత్తంలో వాగులో పారే నీటిలో ఇది ఆపేది కొద్ది భాగమే, కాబట్టి కింది ఊళ్లకీ పెద్దగా నష్టం ఉండదు.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. పక్కనే ఉన్న మచాకోస్‌లో జాషువా ముకుస్యా 1978లో తన ఊళ్లో ఉటూని అనే స్వయం సహాయక సంఘం పెట్టి ఇలాంటివి కట్టించడం మొదలుపెట్టాడు. మరో పొరుగు కౌంటీ కితూయిలో 1990ల నుంచి వందల కట్టలు లేచాయి. ఇక్కడి ఆడవాళ్లలో చాలామంది పుట్టింటి వైపో, మేనత్త ఊళ్లోనో ఒక కట్ట చూసినవాళ్లే. నాకంటే వాళ్లకే దీని గురించి ఎక్కువ నమ్మకం, కొన్ని విషయాల్లో ఎక్కువ అవగాహన కూడా.

చోటు ఎంపికకి మేం ఇనుప కడ్డీ తీసుకెళ్లాం. ఇసుకలో దిగ్గొట్టుకుంటూ బండ ఎంత లోతులో ఉందో చూడాలి. కడ్డీ కంటే ముందు వాళ్లని అడిగితే సగం పని అయిపోయింది. ఏ చెలమ సెప్టెంబరు దాకా ఊరుతుందో, ఏది ఆగస్టుకే ఎండుతుందో పేరుపేరునా చెప్పారు. చివరిదాకా ఊరే చెలమకి కింద బండ అడ్డం ఉంటుంది, అంటే ప్రకృతి అక్కడ చిన్న కట్ట ముందే కట్టి పెట్టిందన్నమాట. రెండు గట్లూ గట్టిగా, వాగు సన్నబడి, బండ మీటరు లోతులోపే తగిలే చోటు దొరికింది. ఇక్కడంతా పాత నైస్ రాయి. అది అరిగితే ముతక ఇసుక వస్తుంది. గుప్పెడు ఇసుక గాజు సీసాలో నీళ్లు పోసి కుదిపి పెట్టాం. ఇసుక వెంటనే కిందికి దిగింది, పైన ఒండ్రు పొర వేలి మందం కూడా లేదు.

జూన్, చివరి వారం

లెక్క వేశాం. గోడ పొడవు, గట్లలోకి పోయే రెక్కలతో కలిపి, 26 మీటర్లు, వాగు మట్టం నుంచి ఎత్తు 2.5 మీటర్లు. వాలును బట్టి వెనక 300 మీటర్ల దాకా ఇసుక మేట వేస్తుంది. వాగు సగటు వెడల్పు 18 మీటర్లు, ఇసుక సగటు లోతు గోడ ఎత్తులో సగం. అంతా కలిపి 6,700 ఘనపు మీటర్ల పైచిలుకు ఇసుక. అందులో మనం తోడుకోగలిగేది పావు వంతు అనుకుంటే దాదాపు 17 లక్షల లీటర్లు. 120 కుటుంబాలు రోజుకి నాలుగు డబ్బాల చొప్పున వాడితే 170 రోజులకి పైనే. జూన్ నుంచి అక్టోబరు దాకా గట్టెక్కేస్తారు.

ఇది కాగితం లెక్క. గట్ల నుంచి ఊరి వచ్చేది ఇందులో కలపలేదు, పశువులు తాగేది తీసివేయలేదు.

జూలై

కాగితాల నెల. సంఘం రిజిస్ట్రేషన్ ముందే ఉంది. 2022 చట్టం ప్రకారం ఇలాంటి సంఘానికి కనీసం పది మంది ఉండాలి, వీళ్లు ముప్ఫై అయిదు మంది. అందులో మగవాళ్లు నలుగురే. మిగతా మగవాళ్లు నైరోబీలోనో, మొంబాసాలోనో పనుల్లో ఉన్నారు. జలవనరుల శాఖ అనుమతి, పర్యావరణ పత్రం మా భాగస్వామి సంస్థ చూసుకుంటోంది. కౌంటీ కేంద్రం వోటేలో నలుగురు మనుషులున్న చిన్న ఆఫీసు అది. వాళ్ల ఫీల్డ్ ఆఫీసర్ అమ్మాయే నాకు దుబాసీ కూడా.

తిరకాసు భూమి దగ్గర వచ్చింది. గోడ రెక్కలు రెండు గట్ల మీది పొలాల్లోకి వెళ్తాయి. నీళ్లకి వచ్చే దారి ఇంకో రెండు పొలాల మీదుగా. నాలుగు పట్టాలూ మగవాళ్ల పేరునే ఉన్నాయి. అందులో ఇద్దరి భార్యలు సంఘంలో సభ్యులు, రోజూ ఆ పొలం దున్నేదీ కలుపు తీసేదీ వాళ్లే. అయినా వాళ్ల సంతకం చెల్లదు. ఊరి స్థాయి ప్రభుత్వ అధికారి అయిన అసిస్టెంట్ చీఫ్ ఎదుట చెట్టు కింద మీటింగు పెట్టారు. ఒక పెద్దాయన, "దారి ఇస్తాను గానీ గేటు పెట్టి తాళం నా దగ్గర ఉంచుకుంటాను" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కోశాధికారి లేచి చాలా మర్యాదగా, "అయ్యా, మీ ఇంట్లోవాళ్లు కూడా రాత్రి జ్వరం వస్తే నీళ్లకి మిమ్మల్ని నిద్ర లేపాలి మరి" అంది. నవ్వులు. తాళం మాట మళ్లీ రాలేదు. రాతపూర్వకంగా, ఎప్పటికీ, ఎవరికైనా దారి అని రాయించుకున్నారు. "ఎవరికైనా" అన్న మాట మా డ్రాఫ్టులో లేదు, వాళ్లు పట్టుబట్టి చేర్పించారు. సంఘంలో లేని కుటుంబాలు రేపు తగువు పెట్టుకోకుండా.

మేస్త్రీ కోసం మొంబాసా రోడ్డు మీదే ఉన్న మకిందు దాకా వెళ్లొచ్చాం. అక్కడ సిక్కుల గురుద్వారా ఉంది, 1926 నాటిది. మొంబాసా నుంచి వేసిన రైలుమార్గం పనికి వచ్చిన భారతీయుల తరం వాళ్లు కట్టింది. దారిన పోయే ఎవరికైనా భోజనం పెడతారు. పప్పు, రొట్టె తిని, ఇసుక కట్టలు కట్టిన అనుభవం ఉన్న మేస్త్రీతో బేరం కుదుర్చుకుని వెనక్కి వచ్చాం.

ఆగస్టు

ఈ నెల గురించే ఎక్కువ రాయాలి.

ఇక్కడ ఏళ్ల తరబడి నడుస్తున్న ఒప్పందం ఇదీ: బయటివాళ్లు సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి పెట్టుకుంటారు. రాళ్లు, ఇసుక, నీళ్లు, ఒంటి చాకిరీ ఊరివాళ్లవి. కంబా వాళ్ల దగ్గర శ్రమదానానికి పాత సంప్రదాయం ఉంది, 'ముఎత్యా' అంటారు. ఈ కొండల మీద కనిపించే గట్ల వరసలన్నీ చాలావరకు అలా వేసినవే. మా మిత్రులు తయారు చేసిన బడ్జెట్ షీటులో 'స్థానిక భాగస్వామ్యం' అని ఒక లైను ఉంది. దాని ఎదురుగా డబ్బు గడిలో సున్నా.

సంఘం కోశాధికారి బడి నోటుబుక్కులో ఇంకో లెక్క పెడుతోంది. ఎవరు ఏ పూట వచ్చారు, ఎన్ని గంటలు చేశారు, ఎవరి బదులు ఎవరి కూతురు వచ్చింది. ఆలస్యంగా వస్తే యాభై షిల్లింగుల జరిమానా, బాలింతకి మినహాయింపు. ఇది పొదుపు సంఘంలో వాళ్లకి అలవాటైన క్రమశిక్షణే. మన డ్వాక్రా సంఘాల మీటింగు చూసినవాళ్లకి ఇక్కడ కొత్తేమీ ఉండదు: మధ్యలో బల్ల, చుట్టూ బెంచీలు, అందరి ముందే డబ్బు లెక్క, అప్పు ఎవరికి ఇవ్వాలో అక్కడికక్కడే తీర్మానం. దానికి తోడు నెలకొకరికి చీటీ పాట లేని చీటీ. ఫోన్లో డబ్బు పంపే ఎంపెసా వచ్చాక, మీటింగుకి రానివాళ్లు ఫోన్లోనే కట్టేస్తున్నారు.

ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకుని రాళ్ల లెక్క వేశాను. గోడ మొత్తం 85 ఘనపు మీటర్లు. అందులో మాలు పోగా రాయి దాదాపు 140 టన్నులు. రాళ్లు కొండ పక్కన ఉన్నాయి, వాగుకి కిలోమీటరు పైన. తల మీద ఇరవై కిలోల చొప్పున మోస్తే ఏడు వేల మోతలు. ముప్ఫై అయిదు మందికి తలా రెండు వందలు. పోయిరావడానికి అరగంట వేసుకున్నా ఒక్కొక్కరికి వంద గంటలు. నీళ్లు మోసే టైము తగ్గించడానికని మేం పెట్టిన పని ఇది. దానికి ముందుగా వాళ్ల దగ్గర వంద గంటలు అడుగుతున్నాం, అదీ పొలం పని, వంట, నీళ్లు, బడి పిల్లలు అన్నీ అలాగే ఉండగా. సున్నా అని రాసింది దీన్నే.

ఒక పూట వాళ్లతో పాటు మోశాను. చుట్టకుదురు వేసుకుని రాయి ఎత్తుకోవడం రాక రెండు చేతుల్తో పొట్టకి ఆనించుకుని నడిచాను. సంఘం చైర్‌లేడీ చూసి, "ఇంజనీరూ, అలా మోస్తే రాత్రికి నడుం పట్టేస్తుంది. రాయి నీది కాదన్నట్టు మొయ్యి" అంది. పట్టేసింది కూడా.

నైరోబీకి ఫోను చేసి ట్రాక్టరు అద్దెకి డబ్బు అడిగాను. ఒకాయన అన్నాడు, "ఊరివాళ్లు కష్టపడితేనే కదా మాది అన్న భావం వస్తుంది." ఈ మాట నేను చాలా చోట్ల విన్నాను, మన ఊళ్లలో కూడా. మా కాలనీలో కుళాయి వేసినప్పుడు మాది అన్న భావం రావడానికి మా నాన్న చేత ఎవరూ రాళ్లు మోయించలేదు. బిల్లు కడతాడు, నీళ్లు రాకపోతే అరుస్తాడు, అంతే. వీళ్లకి మాది అన్న భావం చెలమ తవ్వినప్పటి నుంచే ఉంది. ఫోన్లో ఇదంతా ఒక్కసారిగా అనేశాను, కొంచెం గట్టిగానే. రెండు రోజుల తర్వాత డబ్బు వచ్చింది.

ఇక సంఘం మీటింగు. ట్రాక్టరుకి డబ్బుందని చెప్తే ఎగిరి గంతేస్తారనుకుంటే పొరపాటే. గంటకి పైగా వాదించుకున్నారు. ఇప్పటికే మోసినవాళ్ల గంటల సంగతేమిటి, రేపటి నుంచి రానివాళ్లకి అదే హక్కా అని. చివరికి తేలింది ఇది: పెద్ద రాళ్లన్నీ ట్రాక్టరు, కొండ దగ్గర ఎత్తడం, వాగు దగ్గర దించడం మనుషులు. పని వేళ తెల్లవారు ఆరున్నర నుంచి పది దాకా, వారానికి మూడు పూటలే. ఇప్పటిదాకా చేసిన గంటలు నోటుబుక్కులో జమ ఉంటాయి, తర్వాత నీటి రుసుములో మినహాయిస్తారు. ఈ మూడో ముక్క ఎవరికి తట్టిందో గానీ, నేను ఇంతవరకు ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ చూడలేదు.

సెప్టెంబరు

పునాది. ఇసుక తీసి బండ కడిగారు. చీపురుతో ఊడ్చి, పగుళ్లలో మట్టి కడ్డీతో గోకి, సిమెంటు పాలు పోశారు. గోడ కింద నుంచి నీళ్లు కారిపోతే పైన ఎంత కట్టినా దండగ, అందుకని మేస్త్రీ ఇక్కడ ఎవరినీ తొందరపెట్టనివ్వడు. బండలో రంధ్రాలు కొట్టి కడ్డీలు దిగ్గొట్టారు. పైకి వెళ్లేకొద్దీ అడ్డంగా ముళ్లతీగ వరసలు. కంచె వేసుకునే తీగే, ముళ్లు మాలుని బాగా పట్టుకుంటాయి, ధర తక్కువ, ఎమాలి బజార్లో దొరుకుతుంది.

కట్ట కట్టడానికి నీళ్లు కావాలి. మూడు వందల బస్తాల సిమెంటు. బస్తాకి సుమారు పాతిక లీటర్లు. మాలు కలపడానికే ఏడున్నర వేల లీటర్లు, అంటే 375 డబ్బాలు. తర్వాత గోడ తడపడానికి అంతకంటే ఎక్కువ. ఇదంతా ఏడాదిలో నీళ్లు అతి తక్కువగా ఉండే నెలలో. గాడిద ఒక విడతకి నాలుగు డబ్బాలు మోస్తుంది. అద్దె పికప్ మీద ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి ఆ ఉప్పు బోరు నీళ్లు తెస్తే అయిపోతుంది కదా అని ఎవరో అన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. లోపల ఇనుము ఉంది, ఉప్పు నీళ్లు తగిలితే తుప్పు. చివరికి పికప్‌తో వోటే వైపు నుంచి మంచి నీళ్లు తెప్పించాం. ఎస్టిమేటులో లేని ఖర్చు. దాన్ని 'స్థానిక భాగస్వామ్యం' గడిలోకి తోయకుండా 'నీళ్లు' అని కొత్త లైను చేర్చాను. తడపడానికి గోనెపట్టలు కప్పి, ఉన్న నీళ్లు వాటి మీద చల్లుకుంటూ వచ్చారు.

గోడ లేస్తున్నంతసేపూ పని ఎలా సాగిందో చెప్పాలంటే: ఒక వరుసలో నిల్చుని మాలు తట్టలు చేతి నుంచి చేతికి అందిస్తారు, ఖాళీ తట్ట ఇంకో వరుసలో వెనక్కి. ఎవరో పాట ఎత్తుకుంటారు, పాట నెమ్మదిస్తే తట్టలూ నెమ్మదిస్తాయి. పదకొండింటికి పొట్టు తీసిన మొక్కజొన్న, చిక్కుళ్లు కలిపి ఉడికించిన ముతోకోయి. వండేవాళ్లకీ నోటుబుక్కులో గంటలు పడతాయి. మొదట పడేవి కావట, ఒకావిడ అడిగాక మొదలుపెట్టారు.

అక్టోబరు

గోడ అయింది. ఆకాశం ఖాళీ. రాయడానికి ఏమీ లేదు. ఎగువన పొలాల్లో గట్లు సరి చేస్తున్నారు, ఒండ్రు తక్కువ రావడానికి.

నవంబరు, రెండో వారం

వరద నేను లేనప్పుడు వచ్చింది. ఫీల్డ్ ఆఫీసర్ వీడియో పంపింది. ముందు ఎండు కొమ్మలు, నురుగు, తర్వాత ఎర్రటి నీళ్లు. గోడ కనిపించలేదు కాసేపు, నాకు టెన్షన్. మర్నాడు ఫోటోలో గోడ ఉంది. ఎడమ రెక్క చివర గట్టు కొంచెం కోసుకుపోయింది. అక్కడ రాళ్లు పేర్చి నేపియర్ గడ్డి నాటాలి.

వారాంతంలో వెళ్లి చూస్తే గోడ వెనక మోకాలి లోతు ఇసుక చేరింది. పైన పల్చగా ఒండ్రు. వచ్చే వరదకి కొంత కొట్టుకుపోతుంది, మిగిలితే తీసేయాలి. ఊళ్లో కొందరికి నిరాశ. చెరువులా నీళ్లు నిలబడతాయనుకున్నారు, నిలబడినవి ఇసుకలోకి దిగిపోయాయి. "డబ్బంతా ఇసుక నింపడానికి పెట్టారా" అని సంఘంలో లేని ఒకాయన అడిగాడు. చైర్‌లేడీ ఏమీ అనకుండా వాగులోకి దిగి మోచేతి లోతు తవ్వింది. నీళ్లు. ఆయన చూసి, తన డబ్బా తెచ్చుకోవడానికి ఇంటికెళ్లాడు.

జనవరి

ఇసుక లారీలు. ఈ మాట రాస్తే తెలుగువాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. నైరోబీలో లేచే భవనాలకి చాలా ఇసుక ఇలాంటి వాగుల నుంచే పోతుంది. ఇక్కడ గొడవలు ముదిరి మనుషులు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. 2015లో మకువేని కౌంటీ ఇసుక సంరక్షణకి ఒక చట్టమే చేసింది, కౌంటీ బయటికి ఇసుక తరలించడం నిషేధం. చట్టం చట్టమే, రాత్రి రాత్రే. మా కట్ట వెనక ఇసుక అంటే మా ట్యాంకు. రెండు లారీల ఇసుక పోతే ఆ మేరకు నీళ్లు ఉండే చోటు పోయినట్టే.

గట్టు మీద టైరు గుర్తులు కనిపించాయని కబురు వచ్చింది. ఈసారి మగవాళ్లు కూడా మీటింగుకి నిండుగా వచ్చారు. దారి మొదట్లో, లారీ పట్టని వెడల్పులో, రెండు కాంక్రీటు దిమ్మలు పాతాలని తీర్మానం. గాడిద, సైకిలు, మనిషి పోవచ్చు. ఇళ్ల పనికి ఎవరికైనా ఇసుక కావాలంటే గోడకి దిగువనే, అదీ చేతిబండితో. రాత్రి కాపలా మగవాళ్ల వంతు అని ఆడవాళ్లు తేల్చేశారు. ఆ గంటలు కూడా నోటుబుక్కులో రాయమని మగవాళ్లు అడిగారు. రాస్తున్నారు.

ఫిబ్రవరి

గోడకి ఎగువన, గట్టు పక్కగా వరలు దించి బావి. అడుగున కంకర, పైన సిమెంటు మూత, దాని మీద చేతిపంపు. ఆఫ్రిడెవ్ రకం. 1980లలో కెన్యా, మలావీలలోనే రూపుదిద్దుకున్న పంపు, మా సెట్టు మాత్రం ఇండియాలో తయారైంది. మన ఊరి బోరింగుల్లో చాలావాటికి వాషరు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి, దానికి మెకానిక్కూ నలుగురు మనుషులూ కావాలి. ఇందులో పైపులు అలాగే ఉంటాయి, లోపలి కడ్డీలు కొక్కేల్లా ఒకదానికొకటి తగిలించి ఉంటాయి, పిస్టను వాటితో పాటు పైకి వచ్చేస్తుంది. ఒక్క స్పానరు చాలు.

శిక్షణకి అయిదుగురు వచ్చారు. అందులో ఒక అమ్మాయి బిడ్డని వీపుకి కట్టుకునే పంపు తల విప్పింది. కడ్డీ పైకి లాగి, కొక్కెం అరచేతిలో తిప్పి ఊడదీసి, పక్కన పరిచిన గుడ్డ మీద వరసగా పెట్టింది. రబ్బరు సీలు తీసి అంచు వేలితో తడిమి, "ఇది ఇసుకకి అరుగుతుంది కదా, ముందే రెండు కొని పెట్టుకుందాం" అంది. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను చెప్పాల్సిన పాఠంలో అది చివరి వాక్యం.

నీళ్ల పరీక్ష. ఉప్పదనం మీటరు పెడితే పక్క ఊరి బోరుతో పోలికే లేదు, తియ్యటి నీళ్లు. క్రిముల పరీక్షకి చిన్న సీసాలు తెచ్చాం. నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలినం చేరి ఉంటే నల్లబడతాయి. ఒకటి చెలమ నీళ్లకి, ఒకటి కొత్త బావికి. చెలమ సీసా మర్నాటికే నల్లగా మారింది. రెండో రోజు బావి సీసా కూడా మారింది. బావి తవ్వినప్పుడు దిగిన కాళ్లు, తాళ్లు, బకెట్లు అన్నీ అందులోకే కదా. బ్లీచింగు పోసి, ఒక రాత్రి ఉంచి, వాసన పోయేదాకా తోడిపోశారు. మళ్లీ పరీక్ష: రంగు మారలేదు. ఇసుక వడగట్టింది కదా అని అక్కడితో వదిలేస్తే చాలదు. బావి దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్లు ఇంటికెళ్లాక కుండలో ముంచిన చేతితో పాడవుతాయి. క్లోరిన్ చుక్కల సీసాలు సంఘమే హోల్‌సేల్‌గా తెచ్చి అమ్ముతోంది. ఆ రెండు నల్ల సీసాలూ ఆరోగ్య కార్యకర్త అడిగి తీసుకెళ్లింది, ఇల్లిల్లూ తిప్పి చూపించడానికి.

రుసుము మీద పెద్ద చర్చే అయింది. డబ్బాకి ఇంత అని పెడితే పంపు దగ్గర ఎవరో ఒకరు రోజంతా కూర్చోవాలి, అది మళ్లీ ఒక ఆడమనిషి పొద్దు. నెలకి కుటుంబానికి ఇంత అని పెట్టారు. పంట అమ్మిన నెలల్లో ముందుగా కట్టుకోవచ్చు. పేద ముసలావిడలు ముగ్గురికి మాఫీ. జమ ఉన్న గంటలు తీసేశాకే మిగతాది.

మార్చి

వానలు మొదలవబోతున్నాయి. ఇంకో వరద వస్తే గోడ సగానికి పైగా ఇసుక నిండుతుందని అంచనా.

పంపు దగ్గర తెల్లవారుజామున వాచీ పట్టుకుని కూర్చున్నాం. క్యూ ఉంది, ఆరేడు మంది. వచ్చి, నింపుకుని, వెళ్లేసరికి పదిహేను ఇరవై నిమిషాలు. ఇంటి దూరం కలిపితే ఎక్కువ మందికి అరగంట లోపు లేదా అటూఇటూ. దూరపు గుట్ట మీది ఇళ్లకి మాత్రం ఇప్పటికీ గంట. ఇది వానలకి ముందు, కట్ట ఇంకా నిండని ఏడాది. సెప్టెంబరులో మళ్లీ కూర్చుంటే గానీ అసలు సంగతి తెలియదు. ఒకసారి పంపు అరిగిన చప్పుడు చేస్తే, వోటేకి ఫోను చేయకముందే సీలు మార్చేసుకున్నారు. నెల రుసుము కట్టనివాళ్లు పదహారు కుటుంబాలు. అందులో భూమి ఇచ్చిన పెద్దాయన ఒకరు. కోశాధికారి వెళ్లి అడుగుతానంది.

గుట్ట మీది ఇళ్లవాళ్లు ఎగువన రెండో కట్ట కావాలని దరఖాస్తు రాసి తెచ్చారు. సంఘం వాళ్లతో కలిసి కూర్చుని ఎస్టిమేటు వేశాం. మొదటి లైను రాళ్ల రవాణా, ట్రాక్టరు. రెండోది పనికి నీళ్లు, పికప్. మూడో లైను శ్రమ గంటలు, కోశాధికారి నోటుబుక్కులోంచి తీసిన సగటుతో, ఇక్కడి రోజు కూలి రేటు కట్టి. నాలుగోది వంట. సిమెంటు అయిదో లైనులో ఉంది. మొత్తం చూసి నైరోబీ మిత్రుడు పోయినసారి కంటే చాలా ఎక్కువైందేమిటని అడిగాడు. పోయినసారీ ఇంతే అయింది, రాయలేదు అని జవాబు పంపాను. వచ్చే శనివారం ఆయన్నే తీసుకుని వెళ్తున్నాను. కొత్త చోట కడ్డీ దిగ్గొట్టి చూడాలి.